తొలి తునక

కుల్సుంబీకి కోపం వస్తే వీధి వీధంతా తెలిసిపోయేది. బిందె దించిన చప్పుడును బట్టే, ఈ పొద్దు ఆమె జోలికి పోవద్దని ఇరుగుపొరుగు చెప్పుకునేవాళ్లు. అట్లాంటి మనిషి ఆ ఏడాది పీర్ల పండగలో అంత మాట పడి కూడా అరవలేదు, తిట్టలేదు, దుమ్మెత్తి పోయలేదు. ఇంటికి వచ్చి, నీళ్లు తెచ్చుకుని, బిందె మెల్లగా దించింది. భయపడాల్సింది అప్పుడే. కానీ ఊరికి అంత బుద్ధి ఎక్కడిది!

నందవరం దగ్గర బస్సు దిగి రెండు మైళ్లు నల్లరేగడి చేలల్లో నడిస్తే వాళ్ల ఊరు. అక్కడ దూదేకులవాళ్లు పదిళ్లు. నమాజు వేళకు నమాజు, ఇంట్లో మాట మాత్రం తెలుగే. కుల్సుంబీ పెనిమిటి జహంగీరు, అతని తమ్ముడు అబ్బాస్ అలీ దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. ఒకే గోడకు అటొక కాపురం, ఇటొక కాపురం. అన్నదమ్ములు ఒకరి బీడీతో ఒకరు బీడీ ముట్టించుకునేంత కలిసి ఉండేవాళ్లు.

పీర్ల పండగ ఆ పదిళ్లదే కాదు, ఊరందరిదీ. ఏటా ఒక ఇంటికి వంతు వచ్చేది, ఏ కులం ఇల్లయినా సరే. వంతు వచ్చిన ఇంటివాళ్లు పిండీ బెల్లమూ పెట్టుకోవాలి, ఊరి ఆడవాళ్లంతా వచ్చి చెయ్యి వేసి చొంగెలు చెయ్యాలి. చొంగెలంటే మరేమీ కాదు, బెల్లం నీళ్లతో కలిపిన గోధుమ పిండిని పూలు చెక్కిన కొయ్య పలక మీద ఒత్తి, పెనం మీద నెయ్యితో కాల్చే తీపి రొట్టెలు. డెబ్భై ఎనిమిదిలో వంతు ఉచ్చీరమ్మది. ఎనిమిదో రోజు ఆమె వాకిట్లో ఇరవై మంది ఆడవాళ్లు కూర్చున్నారు. కుల్సుంబీ చేతులు కడుక్కుని వచ్చి పిండి బేసిన్‌లో చెయ్యి పెట్టబోయింది. అప్పుడు అబ్బాస్ అలీ భార్య వహీదా బీ, సొంత తోడికోడలు, అందరూ వింటుండగా అనేసింది.

"అక్కా, నువ్వు పిండిలో సెయ్యి పెట్టొద్దులే. ముగ్గురు బిడ్డల్ని మట్టికిచ్చిన సెయ్యి అది. పీర్ల పిండి. మంచిది కాదు."

ఉచ్చీరమ్మ బేసిన్‌ను మెల్లగా తన వైపు లాక్కుంది. కుల్సుంబీ తడి చేతిని కొంగులో చుట్టుకుని లేచి వచ్చేసింది. ఒకడు మూడు రోజులు బతికాడు, ఒకతె పదకొండు రోజులు, కడపటివాడు తొమ్మిది నెలలు. వాళ్లను మట్టిలో పెట్టింది జ్వరాలు. ఈ చెయ్యి వాళ్లకు పాలు పట్టింది, నలుగు పెట్టింది, చివరికి స్నానం కూడా చేయించింది. ఆ చేతినే పట్టుకుని అంత మాట అంటుందా అది!

ఆ రోజు నుంచి ఊళ్లో ఆమె చేతిది ఎవరూ ముట్టలేదు. మజ్జిగ పోస్తానంటే ఇప్పుడే తాగినామనేవాళ్లు. పొలంలో రొట్టె చాస్తే కడుపు నిండుగా ఉందనేవాళ్లు. బాలింతలున్న ఇళ్లలోనైతే ఆమె గడప దగ్గరికి రాగానే బిడ్డ మీద గుడ్డ కప్పేవాళ్లు. కుల్సుంబీకి కావాల్సింది ఒక్కటే. తన చెయ్యి మంచిదని ఇదే ఊరు ఒప్పుకోవాలి, తన చేతిది తినాలి. ఒప్పుకునేటప్పుడు వహీదా తల నేలకు వంగి ఉండాలి. రెండోది లేకపోతే మొదటిది కూడా ఆమెకు వద్దు.

దారి వహీదా పిల్లలే చూపించారు. పత్తి తీత మొదలయ్యాక వహీదా తెల్లవారి పోతే దీపాల వేళకు గాని వచ్చేది కాదు. పెద్దపిల్ల కాశింబీకి ఎనిమిదేళ్లు, చిన్నది హజరాకు ఐదు. బడిపంతులు ఎమ్మిగనూరు బస్సు కోసం మధ్యాహ్నానికే గంట కొట్టేసేవాడు. ఇక ఆ పిల్లలిద్దరూ చల్లారిన సంగటి తిని, మిగతా పొద్దంతా గోడ పక్కన మట్టి గీరుకుంటూ కూర్చునేవాళ్లు.

కుల్సుంబీ పుట్టిల్లు ఆదోని. వాళ్ల నాయన ఒక బేకరీలో పిండి పిసికేవాడు. నాన్‌కటాయి బిస్కెట్లు చెయ్యడం ఆమెకు పాలపళ్లు ఊడకముందే వచ్చు. ఒక మధ్యాహ్నం ఆమె మైదా, చక్కెర పొడి, డాల్డా తీసి పెట్టుకుంది. పెద్ద ఇనుప బాండలిలో ఇసుక పోసి, పొయ్యి మీదకెక్కించి, లోపల తట్ట పెట్టి, పైన మూత పెట్టి, మూత మీద తుమ్మ బొగ్గులు పరిచింది. కింద నిప్పు, మీద నిప్పు. యాలకుల వాసన గోడ దగ్గర ఆగుతుందా? చిటికెలో గోడ మీద రెండు తలకాయలు లేచాయి.

"పెద్దమ్మా, ఏం సేస్తాండావు?" అంది హజరా.

"నిప్పు పెడ్తాండా."

"ఎవరికి?"

'మీ అమ్మకు' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. "కటాయిలకు. తింటావా?"

కాశింబీ చెల్లెలి గౌను పట్టుకుని వెనక్కి లాగింది. "అమ్మ తన్నుతాది."

"మీ అమ్మకు సెప్పేదెవరు? నేనైతే సెప్పను. మీరు సెప్తే రేపట్నుంచి ఈ వాసన కూడా ఉండదు. ఆలోసించుకోండి."

ఐదేళ్ల పిల్లకు ఆలోచన ఏముంటుంది! హజరా గోడ దూకేసింది. మోకాలు గీరుకుపోయింది, ఏడవడానికి కూడా తీరిక లేకుండా వచ్చి బాండలి ముందు గొంతుక్కూర్చుంది. వెనకాలే కాశింబీ, చెల్లెలిని తీసుకుపోవడానికన్నట్టు మొహం పెట్టుకుని వచ్చి, మూడు కటాయిలు తిన్నది.

తిను తల్లీ తిను, అనుకుంది కుల్సుంబీ. ఈ చెయ్యి చేసింది మీ అమ్మ కడుపున పుట్టినవాళ్లు రోజూ తినాలి. ఏడాది తినాలి. పండగ నాడు పీర్లను నిలిపే చావిడి ముందర నిలబడి అడుగుతాను, నీ పిల్లలకు ఏమొచ్చిందే చూపించు అని. ఆ రోజు నీ మొహం ఎట్లుంటుందో చూడాలి.

పగ కోసమే మొదలుపెట్టింది. అందులో అబద్ధం లేదు. కానీ చిన్నపిల్లలతో పని చేసేటప్పుడు పగ మీద ధ్యాస నిలపడం ఎంత కష్టమో ఆమెకు తెలియదు. హజరా పిండి ముద్దతో నెమలిని చేస్తానని కూర్చునేది. అది ఎప్పుడూ కోడిలా తేలేది. "కోడి కాదు, నెమలే, తోక లోపల దాసుకోనుంది" అని వాదించేది. లవంగాలు కళ్లు, మిరియాలు ముక్కు. కాశింబీ కొలతల మనిషి. ఒక్కొక్క ఉండనూ అరచేతిలో తూచి చూసి, పెద్దదయితే గిల్లేది, ఆ గిల్లింది నోట్లో వేసుకునేది. పై బొగ్గులు ఎప్పుడు తీయాలో వాసనను బట్టి చెప్పడం కూడా నేర్చేసింది. పిల్లకు చెయ్యి తిరిగిందని కుల్సుంబీకి లోపల ముచ్చటేసేది, వెంటనే ఆ ముచ్చట మీద కోపం వచ్చేది.

మైదా అయిపోయిన రోజుల్లో వేరే పనులు. జహంగీరు ఏకగా మిగిలిన దూదితో బొమ్మలు కుట్టేవాళ్లు. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర పారేసిన రంగు నూలు పోగులు ఆ బొమ్మలకు జడలు. మట్టెద్దుల అమావాస్యకు వంక నుంచి బంకమన్ను తెచ్చి జత ఎద్దులు చేశారు. హజరా ఎద్దుకు ఐదు కాళ్లు పెట్టింది. ఒకటి విరిగితే ఉండాలి కదా అంది. సంతలో కొన్న రంగు కాగితాలు కత్తిరించి, పిండి జిగురుతో అంటించి తోరణాలు చేశారు. సగం జిగురు హజరా కడుపులోకే పోయింది.

జహంగీరు ఒకరోజు వాకిట్లో ఈ సంబరమంతా చూసి, "పిల్లలొస్తే ఇల్లు ఎంత బాగుందిమే. పోన్లే, నీకు కోపం తగ్గింది" అన్నాడు.

"ఆ, తగ్గింది" అంది కుల్సుంబీ. పాపం, నమ్మేశాడు.

పిల్లలకు బుగ్గలొచ్చాయి. హజరా చేతులకు పాత గాజులు పట్టడం మానేశాయి. అందుకు వహీదా ఏమనాలి? బోరింగు దగ్గర పదిమందిలో, కుల్సుంబీ బిందె నిండుతుండగానే అన్నది. "రవంత సంగటి పెట్టినా ఒంటబడ్తాది నా బిడ్డలకు. అంతా సేతి సలవ ఉచ్చీరమ్మా. కొందరి సెయ్యి అట్లాంటిది."

కుల్సుంబీకి అరికాలి మంట నెత్తికెక్కింది. నా డాల్డా, నా చక్కెర, నా బొగ్గులు, చలవ మాత్రం నీ చేతిదా! అప్పుడే బిందె ఎత్తి దాని నెత్తిన కుమ్మరించేదే. ఓర్చుకుంది. పండగ ఇంకా రెండు నెలలు. పండు మాగనీ అనుకుంది.

డెబ్భై తొమ్మిదిలో వంతు అబ్బాస్ అలీ ఇంటికి వచ్చింది. అంటే వహీదాకు. ఇంతకంటే మంచి అదను ఏముంది? ఎనిమిదో రోజు గోడకు అవతల ఊరి ఆడవాళ్ల నవ్వులు, పలకల మీద పిండి చరుస్తున్న చప్పుడు. ఎవరూ పిలవలేదు. అయినా కుల్సుంబీ పొద్దున్నే లేచి యాభై కటాయిలు కాల్చింది, ఒక్కటి కూడా మాడనివ్వలేదు. పళ్లెంలో పేర్చి, మీద శుభ్రమైన గుడ్డ కప్పుకుని వహీదా వాకిట్లోకి పోయింది. ఆమె లెక్క ఏమిటంటే, ముందు మర్యాదగా చూద్దాం. తీసుకుంటే సరి. తీసుకోకపోతే రేపు చావిడిలో నోరు విప్పుదాం.

వహీదా పీట మీద నుంచి లేవలేదు. "ఏందక్కా అది?"

"పీర్లకు. పంచేదాంట్లో కలుపు."

ఆడవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. వహీదా ఆ పళ్లేన్నీ చూసింది, వాళ్లనూ చూసింది. "ఆ బండ మీద పెట్టిపో. సాయంత్రం బర్రెలకన్నా యేస్తాంలే" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. కుల్సుంబీ పళ్లెం పెట్టలేదు, తిరిగి తెచ్చుకుంది. ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుంది. బర్రెలకా! ఈ యాభైలో ఒక్కొక్కటీ నీ పిల్లలు నోట్లో వేసుకునే రకమేనే! ఏడాది పాటు కూడబెట్టిన మాట, 'నీ పిల్లలకు ఏమొచ్చింది' అన్న మాట, ఇప్పుడు ఆమెకు చప్పగా తోచింది. తల వంచితే సరిపోదు. తాను పడింది అదీ పడాలి. అదే మాట, అదే జనం ముందర, దాని చేతికే తగలాలి.

దానికి దారి ఆ ఊరి వాడుకలోనే ఉంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం చావిడి ముందర, పీర్లను చూసుకునే ముజావరు హుసేనప్ప ఫాతెహా చదివాక, వంతు ఇంటి ఇల్లాలు తొలి చొంగె తుంచి, తమ ఇంట్లో మాటలొచ్చిన పిల్లల్లో అందరికంటే చిన్నదాని నోట్లో పెట్టాలి. బిడ్డ నమిలితే పీరు ఒప్పుకున్నట్టు. ఆ తర్వాతే ఊరు తింటుంది. ఆరేళ్ల కిందట ఒక ఇంట్లో బిడ్డ ఊసేసి చేదంది. తట్టనంతా వంకలో పారేశారు. ఆ ఇంటికి ఈనాటికీ వంతు రాలేదు, ఆ ఇల్లాలి చేతి నీళ్లు కూడా చాలామంది తాగరు. పీర్ల ముందర పసిబిడ్డ నోట వచ్చింది పీరు మాటే అని ఊరి నమ్మకం.

వహీదా ఇంట్లో చిన్నది హజరా.

మరునాడు పొద్దున కాశింబీ తల్లికి సాయంగా ఉండిపోయింది, హజరా ఒక్కతే గోడ దూకి వచ్చింది. కుల్సుంబీ ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఒక ఆట ఆడుదామా? ఈ పొద్దు మీ అమ్మ నీ నోట్లో సొంగె పెట్టబోతాది కదా. నోరు తెరవద్దు. 'నీ సెయ్యి మంచిది కాదు, నేను తినను' అని గట్టిగా సెప్పల్ల. ఏదీ, సెప్పు."

"నా సెయ్యి మంచిది కాదు, నేను తినను."

"నీది కాదే, మీ అమ్మది! నీ సెయ్యి అనల్ల."

నాలుగు సార్లు చెప్పించింది. గరిటెను తల్లి చెయ్యిగా పట్టుకుని నోటి దగ్గర పెట్టి మరీ చెప్పించింది. ఐదోసారికి పిల్ల తప్పు లేకుండా, గొంతెత్తి చెప్పింది.

"అమ్మ ఏడ్సదా పెద్దమ్మా?"

"ఏడిస్తే ఏడుస్తాది. పెద్దోళ్లు ఏడిస్తే ఏం కాదు. నువ్వు గిన సరిగ్గా సెప్తే, పళ్లెమంత నెమలిని కాల్సి ఇస్తా. తోక బయటికుండే నెమలి."

పళ్లెమంత నెమలి! హజరా కళ్లు ఇంతింతయ్యాయి. ఆ పిల్ల వెళ్లిపోయాక కుల్సుంబీ నిజంగానే నెమలిని చేసి కాల్చింది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు, ఆ విషయంలో ఆమెను ఎవరూ ఏమీ అనడానికి లేదు.

మధ్యాహ్నానికి చావిడి ముందర ఇసుక వేస్తే రాలనంత జనం. పీర్లకు పట్టు గుడ్డలు, పూల దండలు. తప్పెట్లు మోగుతున్నాయి. వహీదా కొత్త చీర కట్టుకుని, చొంగెల తట్టను నెత్తిన పెట్టుకుని వచ్చింది. గాజులు చేతుల నిండా. ఆ నడకలో ఆమె గర్వం చూసి కుల్సుంబీ పళ్లు పటపట కొరికింది. రా, రా, అనుకుంది. ఇంకో నాలుగు అడుగులు.

హుసేనప్ప ఫాతెహా చదివాడు, ఊదు పొగ తట్ట మీదుగా తిప్పాడు. హజరాను కుచ్చుల గౌను వేసి తట్ట ముందర నిలబెట్టారు. వహీదా తొలి తునక తుంచింది. తప్పెట్లు ఆగాయి. పిల్ల జనంలో అటూ ఇటూ వెతికి, కుల్సుంబీని చూసింది. కుల్సుంబీ ఒక్కసారి తల ఊపింది.

"నీ సెయ్యి మంచిది కాదు. నేను తినను."

ఎంత స్పష్టంగా అనిందంటే చావిడి వెనక ఉన్నవాళ్లకు కూడా వినిపించింది. వహీదా నవ్వబోయింది. "ఏందే? తిను తల్లీ" అని మళ్లీ నోటి దగ్గర పెట్టింది. హజరా పెదాలు బిగించింది, తల తిప్పింది, నేర్పినదాన్ని నేర్పినట్టు ఇంకోసారి అప్పగించింది.

హుసేనప్ప చేతిలోని నెమలీకల కుంచె గాల్లోనే ఆగిపోయింది. ముందు వరసలో చాచిన చేతులు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. ఉచ్చీరమ్మ తన మనవరాలిని భుజం పట్టి లాక్కుంది. "పీరు మాట" అని ఎవరో అన్నారు, ఆ మాట గుసగుసగా వెనక వరసల దాకా పాకింది.

"తట్ట పక్కన పెట్టు తల్లీ" అన్నాడు హుసేనప్ప, వహీదా మొహం వైపు చూడకుండా. "ఈ యేడు వద్దులే."

వహీదా ఆ తునకను పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆమె మొహంలో రక్తం చుక్క లేదు. అబ్బాస్ అలీ తల వంచుకుని జనంలోంచి బయటికి పోయాడు. అబ్బ! కుల్సుంబీకి ఒళ్లంతా చల్లబడినట్టయింది. ఏడాది ఆకలి తీరింది. ఏడవవే, ఏడు, పదిమంది ముందర ఆ చెయ్యి ఎక్కడ దాచుకుంటావో దాచుకో! తన ముగ్గురు బిడ్డల మీద ఒట్టు, ఇంత సుఖం ఆమె ఎన్నడూ ఎరగదు.

ఇంతలో కాళ్ల సందుల్లోంచి దూరి హజరా వచ్చింది. కొంగు పట్టుకుని లాగింది. కుల్సుంబీ వంగితే చెవిలో చెప్పింది.

"సరిగ్గా సెప్పినా కదా?"

"సెప్పినావు. నెమలి ఇంట్లో ఉంది. పో."

పిల్ల పోలేదు. కొంగును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "పెద్దమ్మా, అమ్మ సెయ్యి మంచిది కాదు కదా. మరి రాత్రికి నాకు సంగటి ఎవరు పెడ్తారు?"

"ఎవరో ఒకరు పెడ్తార్లే."

"పొద్దున అమ్మ సేతిది కాశింబీ తినింది. నేను కూడా తింటి." హజరా కొంగు వదిలేసింది. "మేము సచ్చిపోతామా?"

ఆ పిల్ల తన గొంతు తానే పట్టుకుని చూసుకుంటోంది, లోపల ఏమైనా మొదలైందేమో అన్నట్టు. తాను నేర్పింది ఆట కాదు. ఆరేళ్ల బిడ్డ కన్నతల్లి చేతి ముద్దకు భయపడుతోంది. ఇంకో గంటలో ఆకలేస్తుంది, తల్లి పిలుస్తుంది, ఈ బిడ్డ వెనక్కి వెనక్కి పోతుంది. వహీదాకు తగలాలని విసిరిన రాయి పోయి పోయి ఎవరికి తగిలింది? ఛీ, తన మొహాన తానే ఉమ్మేసుకోవాలనిపించింది. అయ్యో దేవుడా, బతికిన బిడ్డల నోట చావు మాట పలికించిందే తాను!

పిల్లను చంకనెత్తుకుంది. జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ తట్ట దగ్గరికి పోయింది.

"అది పీరు మాట కాదు. నా మాట. నేనే నేర్పించినా, నెమలి సేసిస్తానని సెప్పి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇక చూడాలి. "థూ" అన్నారు, "పీర్ల ముందర ఎంత పాపం" అన్నారు. హుసేనప్ప కుంచె కింద పెట్టేసి, "ఏం మనిషివమ్మా నువ్వు" అన్నాడు. ఉచ్చీరమ్మ ముందుకొచ్చి చేతులు తిప్పింది. "పసిబిడ్డతోనా? నీకు మనసెట్లొచ్చె?"

"నువ్వు మాట్లాడొద్దు!" కుల్సుంబీ గొంతు లేచింది. వీధి ఎరిగిన గొంతు, ఏడాదిగా వినిపించని గొంతు. "పోయినేడు బేసిను పక్కకు లాక్కున్నప్పుడు యాడ పోయినాది నీ మనసు? నేను సేసింది తప్పే. పీర్లు నన్నేం సేస్తారో సెయ్యనీ. నువ్వెవరు నన్నడగనీకి?"

ఉచ్చీరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. కుల్సుంబీ వహీదా వైపు తిరిగింది. "ఏమే, విను. ఏడాదిగా నీ బిడ్డలు నా సేతిదే తింటాండారు. రోజూ. నీ సేతి సలవ అని బోరింగు కాడ కూసినావే, అది ఈ సెయ్యి."

"తెలుసు" అంది వహీదా.

"ఏం తెలుసు?"

"గౌన్ల నిండా యాలకుల వాసన. నాకు ముక్కు లేదనుకుంటివా?" వహీదా పిల్ల వైపు చూసింది. "పత్తికి పోయొచ్చేలకు కడుపు నిండి పండుకోనుంటారు. తెలిసే ఊరకుంటి."

కుల్సుంబీకి ఉన్న కోపం పోయి ఇంకో కోపం వచ్చింది. "తెలిసీ బర్రెలకు యేస్తానంటివా! నా సెయ్యి మంచిదని నీకు తెలిసీ!"

"ఒకసారి అనేసినా. అందరి ముందర అన్నది యెనక్కి ఎట్ల తీసుకోవల్ల? నాకు సాతగాలే." వహీదా ఇంకా ఆ తునకను పట్టుకునే ఉంది. అది ఆమె వేళ్ల మధ్య నలిగిపోతోంది.

కొట్టాలనిపించింది కుల్సుంబీకి. నువ్వు తీసుకోలేకపోయావు, నేను చూడు తీసుకుంటున్నాను, నా పరువు గంగలో కలిసినా తీసుకుంటున్నాను, అని అరవాలనిపించింది. చంకలో హజరా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. కుల్సుంబీ చెయ్యి చాచి, వహీదా వేళ్ల మధ్య నుంచి ఆ తునకను లాక్కుని నోట్లో వేసుకుంది. హజరాకు కనపడేట్టు నమిలింది, మింగింది, నోరు తెరిచి చూపించింది.

"సూసినావా? ఏం కాలేదు. నీకూ ఏం కాదు, కాశింబీకీ ఏం కాదు. మీ అమ్మ సెయ్యి మంచిదే." అక్కడితో ఆపలేకపోయింది. "బెల్లం మాత్రం తక్కువైంది."

జనం కదలలేదు. చేతులు ముందుకు రాలేదు. తట్టలో రెండు వందల చొంగెలు అట్లాగే ఉన్నాయి. హుసేనప్ప పీర్ల వైపు చూస్తున్నాడు. పాపం చేసిన మనిషి తింటే పీరు ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా? అది ఆయనకు కూడా తెలిసినట్టు లేదు.

వహీదా తట్టలోంచి ఇంకో చొంగె తీసింది. కుల్సుంబీ మొహంలోకి చూడకుండానే ముందుకు చాచింది.

"ఇంగొకటి తిను అక్కా" అంది మెల్లగా. "ఒక్కటి తింటే ఈ జనం నమ్మరు."

కుల్సుంబీ ఆమెను ఒక చూపు చూసింది. ఆ చూపులో కోపం వీసమెత్తు కూడా తగ్గలేదు. అయినా చొంగె అందుకుంది. సగం తుంచి తాను తిన్నది. మిగతా సగం తన చేత్తోనే హజరా నోటి దగ్గర పెట్టింది. పిల్ల తల్లి వైపు చూసింది. వహీదా వద్దనలేదు.